ముక్కమని చెప్పకుండా ఒక గంట

చెప్పకూడదు, చచ్చినా చెప్పకూడదు, ఆ ఒక్క మాట తప్ప ఇంకేమైనా చెప్పొచ్చు, నీళ్లు తాగమనొచ్చు, పక్కకి తిరగమనొచ్చు, ఊపిరి మెల్లగా వదలమనొచ్చు, కావాలంటే కథలు చెప్పొచ్చు, ఆ మాట మాత్రం నోట్లోంచి రాకూడదు అనుకుంటూ ఆమె పళ్లు బిగబట్టుకుని కూర్చుంది. ఎదురుగా మంచం మీద ఆడపడుచు, సాక్షాత్తూ మొగుడి చెల్లెలు, కమ్మీని రెండు చేతులతో పట్టుకుని, "చెప్పు వదినా, ముక్కమని చెప్పు, నీకు పుణ్యముంటుంది, ఇంత చదువు చదివి బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావేంటి" అని ప్రాణాలు తోడేస్తోంది. గర్భసంచి మూతి పూర్తిగా తెరుచుకుందని, ఈ ఆసుపత్రిలో కాన్పులు చేస్తూ కాలేజీలో పాఠాలు చెప్పే మేడమ్ ఇందాకే చూసి చెప్పింది. తెరుచుకుంటే సరిపోదు, తల ఇంకా పైనే ఉంది, అది తనంతట తాను దిగాలి, దిగాక తల్లి ఒళ్లే ముక్కడం మొదలుపెడుతుంది, అందాకా పక్కన కూర్చోవడమే నీ పని, అదే నీ పరీక్ష, ఒంటికంటే ముందు నీ నోరు లేచిందా, ఈసారి కూడా ఫెయిలే, ఏడాదంతా మళ్లీ మొదటినుంచి చదువుకో. ఈ ముక్క కేకలు వేసి చెప్పినా బాగుండేది, వంకాయలు తాజాగా లేవన్నంత మామూలుగా చెప్పేసి, మేడమ్ కిటికీ పక్కన స్టూలు వేసుకుని, సంచిలోంచి గుడ్డబొమ్మ తీసి, తెగిపోయిన దాని మెడకు కుట్లు వేయడం మొదలుపెట్టింది. కాలేజీలో ఆవిడని సూదమ్మ అనేది ఇందుకే. బంధువుల కాన్పు మీద పరీక్షేంటి మేడమ్, ఇంకెవరినైనా ఇవ్వండి అని ఆమె కాళ్లావేళ్లా పడింది. "అందరూ ఎవరో ఒకళ్లకి ఆడపడుచులే, కూర్చో" అంది సూదమ్మ.

ఆ బొమ్మని చూస్తుంటే ఒళ్లు మండిపోతోంది. దాని మెడ తెగడానికి కారణం తనే అని లోకమంతా అంటుంది కానీ అసలు కారణం వెల్డింగు డిపార్ట్‌మెంటు, ఈ సంగతి ఎవరికి చెబితే వింటారు. సాంకేతిక కళాశాలలో కాన్పుల చదువు పెట్టాలన్న ఆలోచన ఏ మహానుభావుడికి వచ్చిందో కానీ, పెట్టినవాడు ఆ చదువుని తీసుకెళ్లి వెల్డింగు షాపు పైన పెట్టాడు. కింద గ్రైండరు గీపెడుతుంటే పైన వీళ్లు చెక్క గొట్టం ఒకళ్ల పొట్టకి ఒకళ్లు ఆనించుకుని గుండె చప్పుడు వినాలి. విన్నావా అంటే విన్నాను మేడమ్ అనేవాళ్లు అందరూ, ఎవరూ ఏమీ వినలేదు, వినబడిందల్లా ఇనుము కోస్తున్న మోత. ఇటుపక్క ఫ్రిజ్‌లు బాగుచేసే కుర్రాళ్లు, అటుపక్క మోటార్లు చుట్టేవాళ్లు, మధ్యలో తెల్లకోట్లు వేసుకున్న పద్దెనిమిదేళ్ల పిల్లలు, ఆ పిల్లల మధ్య నెత్తిన రెండు తెల్లవెంట్రుకలతో తను. మొదటి రోజు ఆమెని చూసి క్లాసంతా లేచి నిలబడింది, టీచరనుకుని. కూర్చోండమ్మా, నేనూ మీలాంటి దాన్నే అని వెనక బెంచీలో కూర్చుంటే, ముందు బెంచీ పిల్ల వెనక్కి తిరిగి, ఆంటీ, మీ అమ్మాయి సీటు కోసం వచ్చారా అని అడిగింది. వారం తిరక్కుండా ఆ ఆంటీ పోయి అక్క అయింది, నెల తిరక్కుండా ఆ అక్క ఎక్స్‌ప్రెస్ అక్క అయింది, ఎందుకంటే ఏ పనైనా ఆమెకి ఇంకొకళ్లు మొదలుపెట్టకముందే అయిపోవాలి.

ఆ తొందర పుట్టుకతో వచ్చిందా, కౌంటరు నేర్పిందా అంటే ఏం చెబుతుంది. బస్టాండులో టిక్కెట్ల కౌంటరు వెనక కూర్చుని ఎన్ని సంవత్సరాలు "తర్వాత, తర్వాత, చిల్లర తీసి పెట్టుకోండి, తర్వాత" అని అరిచిందో. లైను కదలాలి, అంతే, లైను ఆగిందంటే లోకం ఆగినట్టే. ముసలాయన ఎక్కడికి పోవాలో గుర్తుతెచ్చుకుంటూ నిలబడితే, ఆమే ఊరి పేరు చెప్పేసి టిక్కెట్టు కోసి చేతిలో పెట్టేసేది, ఆయన కూడా మారు మాట్లాడకుండా ఆ బస్సెక్కి పోయేవాడు. తర్వాత మిషన్లొచ్చాయి, బొత్తాం నొక్కితే టిక్కెట్టు, కౌంటరు మూశారు. మిషనుకి తొందరా లేదు, కోపమూ లేదు, ముసలాయన ఎంతసేపు నిలబడితే అంతసేపూ వెలుగుతూ నిలబడుతుంది. మిషనుకంటే మేడమే నయం అనుకోవాలి కాబోలు, కనీసం కుట్లు వేస్తూ అప్పుడప్పుడు కళ్లజోడు పైనించి చూస్తుంది. చూసినప్పుడల్లా ఆమెకి చిన్నపిల్లలా భయమేస్తోంది, ఆ భయానికి మళ్లీ తనమీద తనకే చిరాకేస్తోంది.

"అమ్మో, అమ్మో, మళ్లీ వస్తోంది వదినా, మళ్లీ వస్తోంది," అని ఆడపడుచు చెయ్యి చాచింది, ఆమె చెయ్యి అందించింది, గోళ్లు దిగబడ్డాయి. వస్తుంది తల్లీ, రావాలిగా మరి, రాకపోతే ఎలా. నొప్పి పొట్ట మీద గట్టిపడుతూ లేచి, కాసేపు నిలబడి, మెల్లగా మెత్తబడింది. ఆమె గొట్టం ఆనించి వింది. ఇక్కడ గ్రైండరు లేదు కాబట్టి హాయిగా వినబడుతోంది, లోపల ఎవరో పరుగెత్తుతున్నట్టు టకటకటక, నొప్పప్పుడు కాస్త నెమ్మదించి, నొప్పి పోగానే మళ్లీ అందుకుంది. తల నొక్కుకుంటుంటే అలాగే ఉంటుందని పుస్తకంలో ఉంది, మేడమూ చెప్పింది, ఐనా ఆ నెమ్మదించిన కాసేపూ ఆమె గుండె ఆగింది. ఇప్పుడు చెప్పేస్తే? రెండుసార్లు గట్టిగా ముక్కితే బయటపడిపోతుంది కదా, ఈ గోలంతా ఎందుకు? లోపల బాగానే ఉంది, బాగానే ఉన్నప్పుడు నీ తొందరేంటి అని మేడమ్ గొంతు చెవిలో. కొళాయి కింద గుడ్డ తడిపి ఆడపడుచు నుదురు తుడిచింది. "ఈ తుడవడానికా నువ్వు రెండేళ్లు కాలేజీకి పోయింది," అంది ఆడపడుచు కళ్లు తెరవకుండానే. నొప్పుల్లో కూడా ఆ నోరు మాత్రం చెక్కుచెదరలేదు, దేవుడా.

ఆ నోటితో ఎన్నేళ్లు పడింది. జుట్టు కత్తిరించే షాపులో రోజంతా నిలబడి నలుగురి తలల మీద నలభై ఊళ్ల కబుర్లు చెప్పే మనిషి, షాపులో అందరూ రేడియో అని పిలిచే మనిషి, ఇంటికొస్తే ఊరుకుంటుందా. చుట్టాలొచ్చినప్పుడల్లా, "మా వదిన కాలేజీ కుమారి, ఇవాళ హోంవర్కుందట, గిన్నెలు మనమే తోముకోవాలి" అనేది, అందరూ నవ్వేవారు, ఆమె కూడా నవ్వాల్సొచ్చేది, నవ్వకపోతే వదినకి కోపమొచ్చిందర్రా అని ఇంకో రౌండు నవ్వులు. బొమ్మలకి కాన్పులు చేస్తారట, బొమ్మలకి బారసాలలు కూడా చేస్తారేమో కనుక్కో వదినా అనేది. ఒకసారి ఉండబట్టలేక, నీకు నొప్పులొచ్చినప్పుడు నా దగ్గరికి రాకు అని అనేసింది. "నీ దగ్గరికా? ఎక్స్‌ప్రెస్ కాన్పు చేసి పడేస్తావు, వద్దు బాబూ" అంది ఆడపడుచు. తీరా నొప్పులొచ్చాక ఆటో దిగిందగ్గర్నుంచీ ఒకటే పాట, మా వదినని పిలవండి, మా వదిన తప్ప నన్నెవరూ ముట్టుకోవడానికి వీల్లేదు, మా వదిన ఇక్కడే చదువుతోంది, పెద్ద చదువు అని వార్డంతా టముకు వేసింది. నీ బుద్ధి ఎప్పుడు ఎటు తిరుగుతుందో నీకైనా తెలుసా తల్లీ అనుకుంది ఆమె, కానీ చేతులు కడుక్కుంటుంటే ఎందుకో కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లకి కూడా చిరాకే.

మళ్లీ బొమ్మ మీదికి పోయింది చూపు. మేడమ్ దారాన్ని పళ్లతో తెంపి, మెడని అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది. అసలు జరిగింది ఇదీ అని మంత్రిగారి దగ్గరైనా చెప్పగలదు ఆమె. కాన్పు నేర్చుకునే నమూనా ఒకటి ఉండేది, ఆడమనిషి నడుం ఎముకల ఆకారంలో ఇనుప చట్రం, పైన రబ్బరు తొడుగు, అందరూ దాన్ని డబ్బా అనేవారు. ఒక అంచు విరిగితే కింద వెల్డింగు షాపుకి పంపారు. ఆ కుర్రాళ్లు గేటుకి వేసినట్టు దానికి లావుపాటి అతుకు వేసి పంపారు. ఇంకేముంది, దారి ఇరుకైపోయింది. బొమ్మ తల అతుకు దగ్గర ఇరుక్కునేది. వెనకనుంచి ఎవరో ఒకళ్లు రెండు చేతులతో తోస్తే తప్ప బయటికి రాదు, దానికి తోపుడు డ్యూటీ అని పేరు. ముందున్నామె ముక్కు అని కేక వేయాలి, వెనకున్నామె బలమంతా పెట్టి తోయాలి. రెండేళ్లపాటు ఆ బ్యాచ్ బ్యాచంతా అలాగే నేర్చుకుంది, ముక్కు, ముక్కు, ఇంకా గట్టిగా ముక్కు, కిటికీ కిందనుంచి వెల్డింగు కుర్రాళ్లు కూడా తాళం వేసేవారు. ఆ గోలలో ఇలా కాదర్రా, నిజం మనిషికి ఇలా కాదు అని మేడమ్ అరిచినా, చేతులకి అలవాటైపోయింది, నోటికి అలవాటైపోయింది, ఏం చేస్తారు.

పరీక్ష రోజు బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు కొత్త నమూనా తెచ్చాడు. నున్నగా, నూనె రాసి, అద్దంలా ఉంది. మొదటి పిలుపు ఆమెదే, కాలేజీలో అన్నిటికీ ముందుండే ఎక్స్‌ప్రెస్ అక్కది కాకపోతే ఇంకెవరిది. తోపుడుకి నిలబడింది పహిల్వాన్ అని పిలిచే పిల్ల, గ్యాస్ సిలిండరు ఒంటిచేత్తో మేడెక్కించే రకం. ఆమె ఇంకా గ్లౌజులు సరిగ్గా లాక్కోలేదు, చేతులింకా కింద పెట్టనే లేదు, నోరు మాత్రం తన పని తను చేసుకుపోయింది, ముక్కు అని అరిచేసింది. పాపం పహిల్వాన్‌కేం తెలుసు, అలవాటు ప్రకారం తోసింది. బొమ్మ బుల్లెట్టులా వచ్చి, ఆమె చేతుల మధ్యనుంచి దూసుకుపోయి, ఆయన బూటుకి తగిలి, మెడ దగ్గర తెగి, తల దొర్లుకుంటూ పోయి బీరువా కిందికి దూరింది. ఆయన ఒంగుని తల తీసి బల్ల మీద పెట్టి, "తల్లికి ఏమని చెబుతావమ్మా" అని అడిగాడు. ఏమని చెబుతుంది, వెల్డింగు వాళ్లని అడగండి అని చెప్పాలనిపించింది. మిగతా పిల్లలందరూ ఆ తల చూసి జాగ్రత్తపడి, చేతులు కింద పెట్టుకుని, నోళ్లు మూసుకుని, ఒకళ్ల వెనక ఒకళ్లు పాసైపోయారు. దీన్ని అన్యాయం అనక ఇంకేమనాలి. ఆ సాయంత్రం పిల్లలు మిఠాయిలు పంచుకుంటూ, అక్కా, నువ్వే మమ్మల్ని పాస్ చేయించావు అని ఆమె చేతిలో రెండు పెట్టారు.

ఆ రాత్రి మొగుడికి చెప్పింది. మొగుడు మంచివాడే, వచ్చిన చిక్కల్లా అదే. అరిచే మనిషైతే తిరిగి అరిచి సాధించుకునేది. రెండేళ్లుగా పొద్దున్నే లేచి మాడిన అన్నం డబ్బాల్లో పెట్టి, పిల్లలకి చొక్కాలు తిరగేసి తొడిగి బడికి పంపి, తను పనికి పోయి, వచ్చి బట్టలుతుకుతున్నాడు. సబ్బు నురగలో చేతులు ముంచి అలాగే ఆగిపోయి, "ఇంకో ఏడాదంటే నావల్ల కాదు," అన్నాడు. చొక్కా ఒకటి పిండి, "నిజంగా కాదే," అన్నాడు. చంకలో దుప్పటి, చెవిలో పిల్లవాడి దగ్గు, పొయ్యిమీద ఏదో మాడుతున్న వాసన, ఆ మనిషి కళ్లకింద నలుపు. అప్పుడే తేల్చుకుంది, ఫెయిలైనవాళ్లకి మిగిలేది ఈ ఒక్క కాన్పు, నిజం మనిషికి, మేడమ్ ముందు, పాసైతే ఊరి చివర ఆరోగ్యకేంద్రంలో ఖాళీ ఉంది, వెళ్లి కూర్చుంటుంది. కాకపోతే తెల్లకోటు మడిచి పెట్టెలో పెట్టేసి, ఏ దుకాణంలోనో మళ్లీ "తర్వాత, తర్వాత" అనుకుంటుంది. అంటే ఆ రెండేళ్లూ, ఆ మాడిన అన్నాలూ, ఆ తిరగేసిన చొక్కాలూ, అన్నీ గంగలో పోసినట్టే. ఇప్పుడదంతా ఈ మంచం మీద ఈ రేడియో చేతిలో ఉంది.

"పుణ్యముంటుంది వదినా, చెప్పు. నువ్వు చెబితే నాకు ధైర్యంగా ఉంటుంది. చెప్పకపోతే నాకేమీ తెలియడం లేదు," అంటోంది ఆడపడుచు. గొంతులో వెటకారం పోయింది, అది మరీ ప్రాణాంతకం. వెటకారమైతే ఎదుర్కోవచ్చు. "నేనిక్కడే ఉన్నాను కదే," అంది ఆమె. "ఉంటే సరిపోతుందా?" సరిపోతుందట, మేడమ్ అంటుంది. "మీ అన్నయ్య ముందు నన్ను ఎన్ని మాటలన్నావో ఒకసారి గుర్తుచేసుకో, టైం గడుస్తుంది" అందామె. ఆడపడుచు నవ్వబోయి, నొప్పొచ్చి, నవ్వు మధ్యలో కేకైపోయింది. తలుపు బయటినుంచి దాని మొగుడు, "అక్కా, ఏమైంది, ఏమైంది అక్కా" అని తలుపు గోకుతున్నాడు. సూదిమందు చూస్తేనే కళ్లు తిరిగి పడే మనిషి, అందుకే బయట కూర్చోబెట్టారు. ఏమీ కాలేదయ్యా, ఏమీ కావట్లేదు, అదే కదా నా ఏడుపు అని అరవాలనిపించింది. "ఇంకా టైముంది తమ్ముడూ, కూర్చో" అని మాత్రం అంది. తనకి తను చెప్పుకోవాల్సిన మాట ఇంకొకళ్లకి ఎంత తేలిగ్గా చెప్పేసింది.

ఎండ కిటికీ కమ్మీల నీడని గచ్చు మీద సాగదీసింది. ఎక్కడో బక్కెట్టు లాగుతున్న చప్పుడు. ఫినాయిలు వాసన. ఇంతలో ఏదో తేడాగా ఉందనిపించింది ఆమెకి, ఏంటో మొదట తెలియలేదు, సూది గుడ్డలోంచి లాగే చిన్న చప్పుడు ఆగిపోయింది. తలతిప్పి చూసింది. మేడమ్ తల గోడకి ఆనించి, నోరు కాస్త తెరిచి, బొమ్మని ఒళ్లో పెట్టుకుని, సూదిని దాని భుజంలో గుచ్చి, హాయిగా నిద్రపోతోంది. ఓరి భగవంతుడా. రెండు డ్యూటీలు వరసగా చేసిన మనిషి, నిజమే, రావలసినావిడ రాలేదు, నిజమే, అన్నీ నిజమే, కానీ నా జీవితాన్ని తక్కెట్లో పెట్టి తూచే మనిషి తక్కెడ పక్కన పడేసి గుర్రుపెడుతుంటే నేనెవరితో చెప్పుకోను. ఇంత నోరు కట్టుకుని కూర్చుంది ఎవరికోసం. ఇంతసేపూ ఎవరు చూస్తున్నారని. "మేడమ్," అని పిలిచింది మెల్లగా. ఆవిడకి కేకలు వినబడవు, ముప్పై ఏళ్లుగా కేకల మధ్యే కునుకులు తీసిన మనిషి, ఈ మెల్లని పిలుపుకి లేస్తుందా.

అంటే ఇప్పుడు చెప్పేయొచ్చు. ఎవరూ చూడట్లేదు. ఆడపడుచు చెప్పమని బతిమాలుతోంది, బిడ్డ గుండె బాగానే ఉంది, మేడమ్ నిద్రలో ఉంది, రెండు మూడుసార్లు గట్టిగా ముక్కితే ఈ గంట అయిపోతుంది, ఆవిడ లేచేసరికి బిడ్డ తల్లి గుండెల మీద ఉంటుంది. చెప్పలేదు మేడమ్ అంటే ఎవరు కాదంటారు. మాట నాలుక చివరికొచ్చి కూర్చుంది, ఆకలేసినప్పుడు నోట్లో నీళ్లూరినట్టు ఊరింది. ఆమె ఆడపడుచు వైపు ఒంగింది. ఆడపడుచు కళ్లు మూతలుపడ్డాయి. నొప్పికీ నొప్పికీ మధ్యన కాసింత సందు దొరికితే చాలు, ఒళ్లు అందులో దూరి నిద్రపోతుంది, పుస్తకంలో ఈ సంగతి ఎక్కడా లేదు. పెదవులు విడివడి, చెంప కింద చెయ్యి పెట్టుకుని, ఆ నోరు అంత నిశ్శబ్దంగా ఉండగా ఆమె ఎప్పుడైనా చూసిందా. పెళ్లైన కొత్తలో, ఇంకా స్కూలుకి పోయే ఈ పిల్ల, జ్వరమొస్తే ఇలాగే తన ఒళ్లో తలపెట్టి పడుకునేది, ఎప్పుడో మర్చిపోయింది. ఒకరు పరీక్ష పెట్టి నిద్ర, ఇంకొకరు పరీక్ష అయ్యి నిద్ర, మధ్యలో మేలుకుని ఉన్న వెర్రిదాన్ని నేనొక్కదాన్నే అనుకుంది. ఇప్పుడు ముక్కు అంటే ఈ నిద్ర పోతుంది. మళ్లీ నొప్పొచ్చేదాకా ఉండే ఇంతపాటి నిద్ర. ముక్కుతుంది, నేను చెబితే చచ్చేదాకా ముక్కుతుంది, పిచ్చిది, అలసిపోయి అసలు నొప్పికి మిగలదు. మనసొప్పలేదు. అంతే, పరీక్షా లేదు పాడూ లేదు, మనసొప్పలేదు. ఒళ్లు మండుతూనే ఉంది, ఐనా ఒప్పలేదు. గుడ్డ మళ్లీ తడిపి తెచ్చుకుని కూర్చుంది.

తర్వాతి నొప్పి వేరే గొంతుతో వచ్చింది. కేక మధ్యలో తెగి, కిందనుంచి ఎక్కడినుంచో ఒక మూలుగు లేచింది, బరువైన బీరువాని జరుపుతున్న మనిషి మూలుగు. ఆడపడుచు కళ్లు పెద్దవి చేసి, "ఇదేంటి, ఇదేంటి వదినా, నేను కాదు, నేను చేయట్లేదు," అంది, మోకాళ్లు వాటంతటవే పైకొచ్చాయి. ఒళ్లే ముక్కుతోంది. ఆమె ఏమీ అనలేదు, గ్లౌజులు లాక్కుంది, ఈసారి పూర్తిగా లాక్కుంది, చేతులు కింద పెట్టింది. "మేడమ్!" అని గట్టిగానే పిలిచింది, అదే క్షణంలో ఆడపడుచు మూలిగింది, పిలుపు అందులో మునిగిపోయింది. ఇంక పిలవడానికి తీరిక లేదు. నల్లని జుట్టు కనబడి లోపలికి పోయింది, మళ్లీ కనబడి మళ్లీ పోయింది, ఎంత సతాయింపు, రావే, కాదు, నీ ఇష్టం, నీ ఇష్టం వచ్చినప్పుడే రా. ఇంకోసారి కనబడి ఈసారి పోలేదు. "ఇప్పుడు ఊదు, కొవ్వొత్తి ఆర్పినట్టు ఊదు, చిన్నగా," అంది, ఆడపడుచు ఊదింది, ఏడుస్తూ ఊదింది, తల మెల్లగా, ఎంత మెల్లగా అంటే డబ్బాలో ఏనాడూ చూడనంత మెల్లగా, ఆమె అరచేతిలోకి వచ్చింది. వెచ్చగా, తడిగా, బరువుగా. మెడ చుట్టూ బొడ్డుతాడు ఒక చుట్టు, వదులుగానే ఉంది, వేలుతో లాగి తల మీదినుంచి దాటించింది. ముఖం తనంతట తనే పక్కకి తిరిగింది, ఎవరూ తిప్పలేదు. తర్వాత భుజం, ఇంకో భుజం, ఒక్కసారిగా మిగతా అంతా, వెచ్చని ఉమ్మనీటితో కలిసి. ఆమె తువ్వాలు కప్పి తల్లి గుండెల మీద పెట్టి వీపు తుడిచింది. బిడ్డ ఏడవలేదు. తుడిచింది, ఇంకా తుడిచింది, రావయ్యా, రావమ్మా, ఎవరైతే వారు, తొందర పడమని నిన్ను మాత్రం అడుగుతున్నాను, తొందరగా, అని వీపు రుద్దింది. తువ్వాల్లోంచి ఒక తుమ్ము, తర్వాత కోపం, గదంతా నిండే కోపం.

ఆ ఏడుపుకి మేడమ్ లేచింది. ఇన్ని కేకలకి లేవని మనిషి ఆ పిల్లి గొంతుకి చటుక్కున లేచి, కళ్లజోడు సర్దుకుని, రెండడుగుల్లో మంచం దగ్గరుంది. బిడ్డ రంగు చూసింది, బొడ్డుతాడు పట్టుకుని చూసింది, కింద చూసింది, తర్వాత ఆమె కళ్లలోకి చూసింది.

"ముక్కమని చెప్పావా?"

ఆమె నోరు తెరిచింది. ఆడపడుచు అంతకంటే ముందు తెరిచింది.

"చెప్పకపోవడమేంటి మేడమ్! మా వదిన చెప్పబట్టే కదా ఇది బయటికొచ్చింది! పక్కనే కూర్చుని ముక్కు, ముక్కు తల్లీ, ఇంకొంచెం అని ఎంత చక్కగా చెప్పిందో! ఇంత ఓపికగా ఎవరు చెబుతారు మేడమ్, సొంత అమ్మ కూడా చెప్పదు. మా వదినకి మార్కులన్నీ ఇచ్చేయండి."

ఒక్క మంచిమాట కోసం ఎన్నేళ్లు ఎదురుచూసింది, అది వచ్చీ వచ్చీ ఇప్పుడు, ఇక్కడ, ఈవిడ ముందు రావాలా! "లేదు మేడమ్, నేను చెప్పలేదు, ప్రమాణంగా చెప్పలేదు," అంది ఆమె. "అదిగో, అదే వద్దన్నాను, అంత అణకువ పనికిరాదు వదినా. చెప్పింది మేడమ్. నేను విన్నానుగా." "నోర్మూసుకోవే తల్లీ, నీకు దణ్ణం పెడతాను!" అని ఆమె అరిచేసింది, పసిబిడ్డని గుండెల మీద పెట్టుకున్న మనిషి మీద, పరీక్ష పెట్టే మనిషి ముందు. అయిపోయింది, అంతా అయిపోయింది, ఇంటికెళ్లి ఆ మంచి మొగుడికి ఏమని చెప్పాలి, నీ చెల్లెలు నన్ను పొగిడి ముంచిందని చెప్పాలా.

మేడమ్ జేబులోంచి టార్చి తీసి ఆడపడుచు కంటిరెప్ప పైకెత్తి చూసింది, రెండో కన్ను చూసింది, గడ్డం పైకెత్తి మెడ చూసింది. "ఎవరో ఊపిరి బిగబట్టి ముక్కించిన మనిషికి కళ్లలో ఎర్రచుక్కలు తేలతాయమ్మా," అంది ఆడపడుచుతో, "మెడ మీద కూడా. కింద ఎక్కడో ఒకచోట చిరుగుతుంది. నీకు ఒక్క చుక్క లేదు, ఒక్క కుట్టు అక్కర్లేదు. నా దగ్గర అబద్ధాలాడకు." తర్వాత ఆమె వైపు తిరగకుండానే, చేతులు కడుక్కుంటూ, "మాయ పడేదాకా ఉండి, తర్వాత మూడో గదికి వెళ్లు. అక్కడావిడకి ఇంకా చాలా టైముంది, నువ్వు కూర్చో. నేనింటికెళ్తాను, నా వల్ల కాదు," అంది. పాసవని వాళ్లని ఒంటరిగా ఏ గదిలోకీ పంపరు. ఆ సంగతి ఆమె బుర్రలోకి ఎక్కడానికి కాసేపు పట్టింది, ఎక్కేసరికి మేడమ్ సంచి సర్దుకుని వెళ్లిపోయింది. పాసయ్యావు అని ఒక్క మాట చెబితే ఆవిడ సొమ్మేం పోయింది.

మాయ పడింది, పూర్తిగా ఉందో లేదో చూసింది, తాడు కట్టి కోసింది, బట్టలు మార్చింది, పొట్ట గట్టిగా ఉందని చూసుకుంది. ఆడపడుచు ఇంతసేపూ బిడ్డ నెత్తి వాసన చూస్తూ, ఏదో ఆలోచిస్తూ, తగ్గు గొంతుతో, "నిజంగా చెప్పలేదా వదినా?" అంది.

"చెప్పలేదే."

"నాకు వినబడిందే. నీ గొంతే. నా చెవి పక్కనే."

గంటసేపు ప్రాణం బిగబట్టుకుని చెప్పకుండా కూర్చుంటే, చెప్పిందే వినబడిందంటోంది ఈ మనిషి. కోపం తెచ్చుకుందామంటే ఎక్కడా దొరకలేదు. ఒంగి ఆ చెమట పట్టిన నుదుటి మీద ముద్దు పెట్టి, "పడుకో," అని తలుపు తీసుకుని బయటికొచ్చింది.

దాని మొగుడు గోడకి ఆనుకుని కూర్చున్నవాడల్లా లేచాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది. "అక్కా, ఏమైంది?"

"పాసయ్యాను!" అంది ఆమె, అతని రెండు చేతులూ పట్టుకుని. "పాసయ్యాను తమ్ముడూ, పాసయ్యాను!"

అతను అర్థంకాక చూశాడు. "మంచిదక్కా. అంటే... అందరూ బాగానే ఉన్నారు కదా? బాబా, పాపా?"

ఆమె నోరు తెరిచి, అలాగే నిలబడిపోయింది. తల చూసింది, మెడ చూసింది, తాడు చూసింది, ఊపిరి చూసింది. తువ్వాలు ఎత్తి ఆ ఒక్కటి చూడలేదు. లోపల ఆ రేడియో కూడా ఇంతవరకు అడగలేదు.

"ఆగు," అంది. "చూసొచ్చి చెబుతాను."